మేస్త్రి గారిని అడగండి: పాత పికప్‌ని కిందికి దించాలంటే

ప్రశ్న: మేస్త్రి గారూ, నమస్కారం. మా తాతగారు ఫిషింగ్ హార్బర్‌కి ఐసు తోలిన 1984 మోడల్ మహీంద్రా జీపు పికప్ ఇప్పుడు నా చేతికొచ్చింది. ఇంజను, గేరుబాక్సు బాగున్నాయి. బరువులేమీ వెయ్యను. ఆదివారాలు బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్ళొస్తాను, అంతే. అమెరికాలో పాత పికప్‌లు నేలకి ఆనుకుని పోతుంటాయి కదా, మా బండిని కూడా అలా నాలుగు అంగుళాలు దించాలని నా ఆశ. చేతిలో ఉన్నది పదిహేను వేలు. గ్యాస్ మంటతో కమాన్లు (ఇరుసు దగ్గర బండి బరువు మోసే వంపు ఉక్కు పట్టీల కట్టలు) కాల్చి సాపు చేస్తే ఒక్క పూటలో అయిపోతుందని ఒకరు, సగం పట్టీలు తీసెయ్యమని ఇంకొకరు, ఇరుసుకీ కమానుకీ మధ్య దిమ్మలు పెట్టమని మరొకరు చెబుతున్నారు. ముందూ వెనకా కమాన్ కట్టలే. రెండు చోట్లా కట్ట ఇరుసు కింద ఉంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఇరుసుకీ, పైనున్న రబ్బరు స్టాపరుకీ మధ్య నాలుగు వేళ్ళు పడుతున్నాయి. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: బాబూ, చివర్లో కమాన్ల గురించి రాసిన మూడు ముక్కలకే మీకు సగం మార్కులు వేశాను. 'బండి దించాలి, ఎంతవుతుంది' అని అడిగేవాళ్ళే గానీ, చాప పరుచుకుని బండి కిందికి దూరి చూసొచ్చి అడిగేవాళ్ళు తక్కువ.

నాలుగు వేళ్ళంటే దాదాపు మూడు అంగుళాలు. గుంతలో పడ్డప్పుడు మీ వెనక ఇరుసు పైకి లేవడానికి ఉన్న చోటంతా అదే. మీరేమో నాలుగు అంగుళాలు దించమంటున్నారు. అప్పుడు బండి కదలకముందే ఇరుసు వెళ్ళి స్టాపరు మీద కూర్చుంటుంది. ఇక కమానుకి పనేముంటుంది? ప్రతి దెబ్బా సూటిగా ఛాసీకి (బండి కింది ఇనుప చట్రానికి), అక్కడి నుంచి మీ నడుముకి. మరి అమెరికా వాళ్ళకి ఎలా కుదిరిందంటే, అంత కిందికి దించేవాళ్ళు ఇరుసు పైనున్న ఛాసీ బద్దని అర్ధచంద్రాకారంలో కోసి, చుట్టూ మందపాటి ప్లేటు వేసి బలపరుస్తారు. ఆ పని నేను చెయ్యను, ఇంకొకరి దగ్గర చేయించుకోమని కూడా చెప్పను. మీ ఛాసీ ఏళ్ళ తరబడి ఐసు నీళ్ళూ, హార్బర్ ఉప్పుగాలీ తాగింది. సుత్తితో తట్టి చూస్తే ఎక్కడ ఖంగుమంటుందో, ఎక్కడ మొద్దుగా మోగుతుందో మీకే తెలుస్తుంది.

కాబట్టి వెనక ఒకటిన్నర అంగుళం, ముందు ఒక అంగుళం. నిరాశ పడకండి. పైసా ఖర్చు లేకుండా ముందే చూసుకునే దారి ఉంది. బండిని చదునైన సిమెంటు నేల మీద పెట్టి, వెనక చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. తొట్టిలో ఇరుసుకి సరిగ్గా పైన ఇసుక బస్తాలు ఒక్కొక్కటే వేస్తూ, ఆ కొలత ఒకటిన్నర అంగుళం తగ్గేదాకా రండి. తర్వాత రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడి చూడండి. పికప్‌లు ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం కొంచెం ఎత్తి పెట్టుకుని ఉంటాయి గనక, ఆ మాత్రం దిగితేనే బండి రూపు మారిపోతుంది. అలా చూశాక చాలామంది నాలుగు అంగుళాల మాట మళ్ళీ ఎత్తరు. నాలుగు మూలలా కొలవడం మాత్రం మరిచిపోకండి. ఇంత వయసున్న కమాన్లలో డ్రైవర్ వైపుది కాస్త కుంగి ఉండడం మామూలే. ఆ తేడా ముందే తెలియకపోతే, పనంతా అయ్యాక బండి ఒక పక్కకి ఒరిగిందని మెకానిక్‌తో గొడవ.

ఇప్పుడు మీకు సలహాలిచ్చిన ముగ్గురి సంగతి.

గ్యాస్ మంట పెద్దమనిషి చెప్పినట్టు పని ఒక్క పూటలో అయిపోతుంది, నిజమే. కమాన్ పట్టీ మామూలు ఇనుము కాదు. సిలికాన్, మాంగనీసు కలిసిన స్ప్రింగు ఉక్కు. మా షాపుల్లో ఈఎన్ 45 అంటారు. ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ కొలతగా వేడిచేసి దానికి ఆ బిగువు తెస్తారు. మీరు మంట పెట్టిన నాలుగు అంగుళాల మేర ఆ బిగువంతా పోయి పట్టీ మెత్తబడుతుంది. మెత్తబడ్డ చోటు రోజురోజుకీ కుంగుతూనే ఉంటుంది. మెత్తటి భాగమూ గట్టి భాగమూ కలిసే గీత దగ్గర పగులు పుడుతుంది. పైకి పెయింటు వేస్తే అది కంటికి కూడా కనపడదు. సింహాచలం ఘాట్ దిగుతుండగా మెయిన్ పట్టీ (కట్టలో అన్నిటికంటే పొడవైనది) విరిగిందంటే ఆ వైపు ఇరుసు వెనక్కి జరిగి, స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తనిష్టం వచ్చినట్టు పోతుంది. ఈ పద్ధతి వద్దే వద్దు.

పట్టీలు తీసెయ్యడం అంత ప్రమాదం కాదు గానీ, లెక్క తెలిసి చెయ్యాలి. ఒకే మందం ఉన్న తొమ్మిది పట్టీల కట్టలోంచి మూడు తీస్తే బిగువులో దాదాపు మూడో వంతు పోతుంది. మందాలు వేరువేరుగా ఉంటే ఈ లెక్క పనికిరాదు. 8 మి.మీ. పట్టీకి 6 మి.మీ. పట్టీ కంటే రెండు రెట్లకి పైగా బిగువుంటుంది. అసలు చిక్కు ఇంకోటి ఉంది. దించిన బండికి పైకి లేచే చోటు తగ్గిపోతుంది గనక కమాన్ కాస్త గట్టిగానే ఉండాలి. మీరు పట్టీలు తీసి దాన్ని మెత్తబరిస్తే, చిన్న గుంతకే ఇరుసు స్టాపరుని గుద్దుతుంది. పైగా గట్టిగా ఎక్సిలేటర్ తొక్కినప్పుడు, బ్రేకు వేసినప్పుడు వెనక ఇరుసు గిర్రున మెలి తిరగబోతుంది. పల్చబడ్డ కట్ట దాన్ని ఆపలేక పాములా వంకర పోతుంది. తీయాలనుకుంటే కింది పొట్టి పట్టీల్లో ఒక్కటి తీయండి. మెయిన్ పట్టీనీ, దాని చివరి కన్నుకి (పిన్ను దూరే చుట్టకి) ఆసరాగా ఉండే రెండో పట్టీనీ తాకొద్దు.

దిమ్మల మాట చెప్పినాయన మీ బండి చూసి చెప్పాడో, ఊరికే చెప్పాడో గానీ మీ వెనక ఇరుసు వరకు ఆయన మాటే సరైనది. మీ కట్ట ఇరుసు కింద ఉంది కదా. మధ్యలో ఒకటిన్నర అంగుళం దిమ్మ పెడితే కట్ట అంత కిందికి దిగుతుంది, దాంతోపాటు ఛాసీ కూడా. కట్ట ఇరుసు మీద కూర్చున్న బండికి ఇదే దిమ్మ పెడితే బండి దిగదు సరికదా, అంత ఎత్తుకి లేస్తుంది! గాజువాక ఆటోనగర్‌లో ఇలా లేచిన బండ్లు తెచ్చి, 'దించమంటే ఇలా చేశారేమిటి' అని అడిగినవాళ్ళున్నారు.

దిమ్మ గట్టి ఇనుముతోనే చేయించండి. టేకు చెక్క ముక్కలు పెట్టినవాళ్ళని చూశాను. చెక్క నలిగే కొద్దీ, కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టు వదులవుతూ ఉంటుంది. రెండు పొట్టి దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చడం కూడా కుదరదు. దిమ్మ వెడల్పు సరిగ్గా మీ పట్టీ వెడల్పంతే ఉండాలి. వెర్నియర్‌తో కొలిచి లేత్ షాపుకి వెళ్ళండి. దిమ్మకి ఒక వైపు సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ కలిపి పట్టేది) తల కూర్చునే గుంట, రెండో వైపు ఇరుసు మీది రంధ్రంలో దిగే మేకు ఉండాలి. ఇరుసు ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకునేది ఆ మేకే. యూ బోల్టులు దిమ్మ ఎత్తుకి తగ్గట్టు పొడవైనవి, కొత్తవి వేయించండి. పాతవి మళ్ళీ బిగిస్తే సాగిన మరలు పట్టు ఇవ్వవు. నాలుగు నట్లనీ ఎదురెదురు మూలల క్రమంలో, కొంచెం కొంచెంగా, నాలుగైదు విడతల్లో బిగించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, ఐదు వందలకి ఇంకోసారి స్పానర్ పెట్టి చూడండి. ఈ రెండో బిగింపు ఎవరూ చేయించుకోరు, అదే నా బాధ.

మీలాంటి బండిలో చాలామంది పొరపడే విషయం ఒకటుంది. దించితే వెనక క్రౌన్ (ఇరుసు నడుమ గేర్లుండే ఉబ్బు) నేలకి తగులుతుందని భయపడతారు. ఇరుసు చక్రాల మధ్య కట్టేసి ఉంటుంది గనక క్రౌన్ ఎత్తు టైరుని బట్టే ఉంటుంది. కమాన్లు ఎంత దించినా అది అక్కడే. కిందికి వచ్చేవి ఛాసీ, సైలెన్సరు, డీజిల్ ట్యాంకు. దిమ్మ వేశాక వీటికి తోడు కమాన్ కింద ఉండే యూ బోల్టు ప్లేటు కూడా. అందుకే పనయ్యాక ఎడమ రిమ్ము అట్టడుగు నుంచి కుడి రిమ్ము అట్టడుగు దాకా ఒక పురికొస లాగి పట్టుకుని చూడండి. ఆ పురికొస కంటే కిందికి ఏదీ వేలాడకూడదు. టైరు పంక్చరై గాలంతా పోయినా అప్పుడు రోడ్డుని గీసుకోకుండా ఉంటుంది. స్పీడ్ బ్రేకర్లకి ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) చెప్పిన ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు. మన కాలనీల్లో రాత్రికి రాత్రి పుట్టే వాటికి ఏ ఐఆర్‌సీ కొలతా వర్తించదని మీకూ తెలుసు. మీ వీధిలో అన్నిటికంటే పొగరుబోతు బ్రేకర్ ఏదో దాన్ని కొలిచి పెట్టుకోండి.

ముందు వైపు దిమ్మలు పెట్టొద్దు. స్టీరింగ్ తిరిగే ఇరుసు అది, బ్రేకు భారంలో ఎక్కువ దాని మీదే పడుతుంది. అక్కడ దిమ్మ జరిగితే ఇక చెప్పేదేమీ లేదు. ముందు కట్టలు విప్పి, ఆటోనగర్‌లో ఏదైనా కమాన్ షాపుకి తీసుకెళ్ళి 'చల్లటి సెట్టింగ్' అడగండి. పట్టీలని కాల్చకుండా దాగలి మీద పెట్టి సుత్తితో వంపు తగ్గిస్తారు. మీరు పక్కనే ఉండి చూడండి. పని తెలిసినవాడు మెయిన్ పట్టీని ముందు నేల మీద పెట్టి, దాని వంపుని సుద్దముక్కతో గీసుకుంటాడు. పక్కనే ఒక అంగుళం తక్కువ వంపుతో రెండో గీత గీస్తాడు. నాలుగు దెబ్బలు కొట్టి పట్టీని ఆ గీత మీద పెట్టి చూస్తాడు, మళ్ళీ నాలుగు కొడతాడు. ఒకే చోట కాకుండా పొడవునా, అంగుళం అంగుళం జరుపుతూ కొడతాడు. రెండో వైపు మెయిన్ పట్టీ కూడా అదే గీతకి రావాలి. గీత లేకుండా కంటితో కొట్టేవాడైతే మీ పట్టీలు మీరు సర్దుకుని పక్క షాపుకి వెళ్ళండి. వంపు తగ్గితే పట్టీ పొడవు సాగినట్టవుతుంది, అందుకని షాకిల్ (కట్ట చివరని ఛాసీకి కలిపి ఊగే లింకు) వాలు మారుతుంది. అది ఛాసీకి తగలకుండా ఊగుతోందో లేదో చూసుకోండి.

షాక్ అబ్జార్బర్లు కూడా ఒకసారి చూడాలి. బండి దిగినంత మేర అవి ముడుచుకుంటాయి. ఇరుసు స్టాపరుకి తగలకముందే షాక్ పూర్తిగా ముడుచుకుపోతే రాడ్ వంగుతుంది, లేదా బ్రాకెట్ ఊడుతుంది. పొట్టివి వేయించండి. స్టాపరు రబ్బరుని అర అంగుళం పొట్టిది మార్చుకోవచ్చు గానీ, పూర్తిగా పీకేయొద్దు. వెనక ఇరుసు మీది బ్రేకు పైపు ఛాసీకి రాసుకోకుండా చూడాలి. దించాక ఒక వేగంలో కింద గుమ్మని మోత వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుని తిప్పే కడ్డీ) కోణం మారిందన్నమాట. ఇరుసుకీ దిమ్మకీ మధ్య సన్నని వెడ్జ్ (ఏటవాలు ముక్క) వేస్తే సరిపోతుంది. స్టీరింగ్ చక్రం పక్కకి తిరిగి నిలబడితే డ్రాగ్ లింకులో (స్టీరింగ్ నుంచి చక్రాల వైపు వెళ్ళే కడ్డీలో) సరిచెయ్యాలి. ఆ తర్వాత ఇద్దరు మనుషులని ముందు బంపరు మీద ఎక్కి ఊగమనండి. స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంటే రోడ్డెక్కొద్దు, మళ్ళీ రండి.

పదిహేను వేల మాట. మొదటి ఖర్చు బుష్‌లకీ, షాకిల్ పిన్నులకీ, అరిగితే కింగ్ పిన్నులకీ (ముందు చక్రాలు పక్కకి తిరిగే పిన్నులు). తర్వాత వెనక దిమ్మలు, యూ బోల్టులు, సెంటర్ బోల్టులు, వెనక షాకులు. ముందు వైపు కమాన్ల సెట్టింగ్ ఆఖర్న. డబ్బు చాలకపోతే అది వచ్చే నెలకి వాయిదా వెయ్యండి. వెనక ఒక్కటి దించినా బండి సమంగా నిలబడుతుంది, హెడ్‌లైటు ఒకసారి సరిచేయించుకుంటే చాలు. పని ఎక్కువ, సామాను తక్కువ గనక మీరే విప్పి, మీరే బిగించుకుంటే బాగా మిగులుతుంది. కాకపోతే బండిని జాకీ ఒక్కదాని మీద వదిలి కిందికి దూరొద్దు, స్టాండులు పెట్టండి.

మీరు చూసే అమెరికా పికప్‌ల వీడియోల గురించి ఒక మాట. 1960 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే సి10లలో చాలావాటికి వెనక కూడా కాయిల్ స్ప్రింగులే. వాళ్ళు కాయిల్ మార్చి దించేస్తారు. 1965లో ఫోర్డ్ ఎఫ్100కి ట్విన్ ఐ-బీమ్ (రెండు విడి కడ్డీల) ముందు ఇరుసు వచ్చింది. దాన్ని దించితే టైర్ల పై భాగం లోపలికి ఒరుగుతుంది, ఆ ఒరుగుడునే క్యాంబర్ అంటారు, అందుకని వాళ్ళు క్యాంబర్ క్యాంబర్ అని తల పట్టుకుంటారు. మీ ముందు ఇరుసు ఒకటే కడ్డీ. దించినా చక్రాలు ఒరగవు. వాళ్ళ మందు మీ జబ్బుకి పనికిరాదు.

ఇక కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. 2019 సవరణ తర్వాత 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. అందుకే నేను చెప్పినదంతా విప్పి మళ్ళీ యథాస్థితికి తెచ్చేలా చెప్పాను. పనికి ముందే రవాణా శాఖ కార్యాలయంలో, ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా అడగండి. వాళ్ళు వద్దంటే బుష్‌లు, షాకులు మార్చుకుని అక్కడితో ఆపండి, ఆ డబ్బు ఎటూ పోదు. తీసిన పట్టీలకి గ్రీజు రాసి గోనెసంచిలో చుట్టి దాచండి, తుక్కుకి వెయ్యొద్దు.

ప్రశ్న: మేస్త్రి గారూ, మావారు నీళ్ళ డబ్బాలు సప్లై చేస్తారు. మాది 2005 మోడల్ డీజిల్ పికప్. తొట్టి ఎత్తుగా ఉండి డబ్బాలు ఎక్కించలేకపోతున్నామని వెనక పట్టీలు తీయించాలనుకుంటున్నారు. పర్వాలేదా?
— ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: వద్దమ్మా. పై ఉత్తరంలో బాబు బండి ఖాళీగా తిరిగేది, మీది రోజూ బరువు మోసేది. అంతకంటే ముఖ్యమైన కారణం ఒకటుంది. మీ బండి వెనక ఇరుసు దగ్గర ఒక చిన్న కడ్డీతో కలిపిన వాల్వు ఉందేమో మెకానిక్‌ని చూడమనండి. తొట్టిలో బరువెంత ఉందో ఆ కడ్డీ కదలికని బట్టి తెలుసుకుని, వెనక బ్రేకులకి ఎంత ఒత్తిడి పంపాలో అది తేలుస్తుంది. వెనక భాగం దించేస్తే ఖాళీ బండిని కూడా లోడున్న బండి అనుకుంటుంది. తిరుగు ప్రయాణంలో వానకి తడిసిన రోడ్డు మీద బ్రేకు కొట్టారంటే వెనక చక్రాలు లాకై, బండి అడ్డం తిరుగుతుంది. పైగా ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనం గనక మీకు ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది, అక్కడా చిక్కే. వెనక డోరుకి మడత పడే ఇనుప మెట్టు ఒకటి వెల్డింగ్ చేయించుకోండి. నడుం నొప్పికి అది చాలు.

ప్రశ్న: ముందు కాయిల్ స్ప్రింగులున్న పాత పికప్ నాది. ఒక చుట్టు కోసేస్తే రెండు అంగుళాలు దిగుతుందంటున్నారు. కోయించనా?
— ఒక విద్యార్థి, పెందుర్తి

జవాబు: ముందు ఆ స్ప్రింగు చివరలు చూడండి. చివర చుట్టు చిన్నదై లోపలికి ముడుచుకుని ఉంటే కోయడానికి వీల్లేదు, కోస్తే అది సీటులో కూర్చోదు. చివర మామూలుగా తెగి ఉంటే కోయొచ్చు గానీ ఒక చుట్టు ఒక్కసారే వద్దు. అర చుట్టు కోసి, రెండు వైపులా ఒకేలా ఉందో చూసి, బిగించి కొలవండి. కోసినది మళ్ళీ అతకదు. ఎనిమిది చుట్లలో ఒకటి పోతే స్ప్రింగు ఏడో వంతు గట్టిబడుతుంది. మరీ ఎక్కువేం కాదు, కానీ చేతికి తెలుస్తుంది. కోసేది గ్రైండర్ చక్రంతో, నీళ్ళు చల్లుకుంటూ. గ్యాస్ మంట ఎందుకు వద్దో గోపాలపట్నం బాబుకి చెప్పాను, మీకూ అదే జవాబు. ముడుచుకున్న కాయిల్‌ని స్ప్రింగు కంప్రెసర్ (కాయిల్‌ని నొక్కి పట్టే పనిముట్టు) లేకుండా విప్పబోకండి. అది ఎగిరి తగిలితే దవడ పగులుతుంది.

ప్రశ్న: మా ఇల్లు భీమిలి బీచ్ పక్కన. యూ బోల్టు నట్లు తుప్పు పట్టి పొడవాటి స్పానరుకీ కదలడం లేదు. ఏం చెయ్యాలి?
— ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: డీజిల్లో కొంచెం ఇంజనాయిల్ కలిపి, సాయంత్రం నట్ల మీద పోసి, పొద్దున సుత్తితో చుట్టూ తట్టి చూడండి. రెండు రాత్రులకీ కదలకపోతే వాటితో కుస్తీ పట్టకండి. ఎలాగూ కొత్తవి వెయ్యాలి గనక గ్రైండరుతో నిలువుగా కోసేయండి, బోల్టులే ఊడొస్తాయి. నిప్పురవ్వలు డీజిల్ పైపు మీదా, బ్రేకు హోసు మీదా పడకుండా తడి గోనెపట్టా కప్పండి. ముందురోజు పోసిన డీజిల్‌ని గుడ్డతో బాగా తుడిచాకే గ్రైండరు ఆన్ చెయ్యండి. కొత్తవి బిగించాక మరలకి గ్రీజు పూసి, మీ బీచ్ పక్కన బండి గనక వారానికోసారి కింద మంచినీళ్ళ పైపు పట్టండి. కొందరు కమాన్లకి పాత ఇంజనాయిల్ పూస్తారు. పట్టీల వరకు తప్పులేదు గానీ, రబ్బరు బుష్‌ల మీదా, బ్రేకు డ్రమ్ము వెనకా ఒక్క చుక్క కూడా పడనివ్వకండి.